తలుపు పాటలో లోపలి సగం

సంగీతం పరీక్షకి నేను తయారైంది మా దుకాణం వెనక గోదాములో. చుట్టూ బియ్యం బస్తాలు, పప్పుల బస్తాలు, ఒక మూల బెల్లం దిమ్మలు. పైన పెంకుల మధ్య ఒక గాజు పెంకు ఉండేది. దాంట్లోంచి పడే ఎండ పొద్దున్న గోడ మీద ఉండి, మధ్యాహ్నం అయ్యేసరికి బెల్లం మీదికి దిగేది. సరిగ్గా అప్పుడే మా ఆయన భోజనం ముగించి, దుకాణంలో బల్ల మీద తువ్వాలు పరుచుకుని కునుకు తీసేవారు. ఆ కాసేపే నాది.

పరీక్ష అన్నాను గానీ అది రాసే పరీక్ష కాదు. విజయనగరం సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకోవాలంటే ముందు అక్కడి పెద్దల ఎదుట ఒక పాట పాడి వినిపించాలి. వాళ్ళకి గొంతు నచ్చితే చేర్చుకుంటారు. సాయంత్రం తరగతులకి వయసు పట్టింపు లేదు, అయిదో తరగతి చదివినా చాలు. నేను చదివింది సరిగ్గా అంతే. ఈ సంగతులన్నీ మా ఎదురింటి అమ్మాయి మోసుకొచ్చింది. ఆమదాలవలస నుంచి రోజూ రైల్లో విజయనగరం వెళ్ళి డిగ్రీ చదివేది ఆ పిల్ల.

“పిన్నీ, నువ్వు కూడా ఎళ్ళాల” అంది ఓ రోజు పంచదార కోసం వచ్చి.

“ఈ వయసులో నన్ను సూసి నవ్వుతారే.”

“నవ్వనీ. నవ్వినోళ్ళకి పాడ్డం వచ్చీదా ఏటి?”

“పాటలంటే నాకు పెళ్ళి పాటలొచ్చు, హారతి పాటలొచ్చు. అవి సంగీతమేటే?”

“వాళ్ళు సూసేది గొంతు. కాగితం నేను నింపుతాను గానీ నువ్వు పాడితే సాలు.”

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకి చెప్పాను. ఆయన చారు కలుపుకుంటూ, “ఇంట్లో పాడుకుంటే అవదేటి?” అన్నారు.

“ఇంట్లో ఎవరితో పాడతాను?”

ఆయన చెయ్యి ఒక్క క్షణం కంచంలో ఆగింది. మళ్ళీ కలిపారు. తినడం అయిపోయి, చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ అన్నారు.

“ఒక్కసారి ఎళ్ళిరా. వచ్చిందా, సరే. రాపోతే మాత్రం మరింక ఆ ఊసెత్తకు. ఊర్లో నలుగురూ అడుగుతుంటే నేను సమాధానం సెప్పుకోలేను.”

మా ఆయన మాట అంటే మాటే. ఒక్కసారి అంటే ఒక్కసారి. అందుకే గోదాములో బస్తాల మధ్య కూర్చుని ఆ వేసవంతా పాడాను.

“ఎవరితో” అని నేనన్న దాని వెనక ఒక మనిషి ఉంది. నా తోడికోడలు, మా మరిది భార్య. ఆ మాటకి ఆయన చెయ్యి ఆగింది అందుకే.

తనది పాతపట్నం. ఆ పక్కనే ఒడిశా కావడంతో తన మాటలో అక్కడక్కడ ఒడియా తగులుతూ ఉండేది. కాపురానికి వచ్చిన కొత్తల్లో మా అత్తగారు నవ్వేవారు. నాకు మాత్రం మొదటి రోజు నుంచే ఆ గొంతు పట్టుకుంది. చింతపండు పిక్కలు తీస్తూ నేను ఏదో ఊరికే కూనిరాగం తీస్తుంటే, పొయ్యి దగ్గర నుంచి తను అందుకుంది. తర్వాత మరి ఆపలేదు. బియ్యంలో రాళ్ళేరుతూ పాడాం, పిండి జల్లిస్తూ పాడాం, నూతి దగ్గర బట్టలు ఉతుకుతూ పాడాం. నేను ఒక వాక్యం, తను ఒక వాక్యం. నేనెక్కడ ఊపిరి తీసుకుంటానో తనకి తెలుసు. తను ఎక్కడ అందుకుంటుందో నాకు తెలుసు. అలా ఎన్నేళ్ళు గడిచాయో ఇద్దరికీ తెలియలేదు.

మా వైపు షావుకార్ల ఇళ్ళలో పెళ్ళైన సాయంత్రం తలుపు పాట పాడే అలవాటుంది. పెళ్ళికూతుర్ని గదిలో కూర్చోబెట్టి తలుపేస్తారు. పెళ్ళికొడుకు బయట నిలబడతాడు. అతని తరఫున బయట ఒక ఆవిడ పాడి తలుపు తియ్యమని బతిమాలాలి. పిల్ల తరఫున లోపల ఇంకొక ఆవిడ పాడి తియ్యనని చెప్పాలి. బయటావిడ ఒక్కొక్క కానుక పేరూ చెప్తుంటే లోపలావిడ దానికొక వంక పెడుతూ ఉంటుంది. ఆఖరి చరణంలో గానీ గడియ తియ్యరు. మా ఊళ్ళో ఎవరింట పెళ్ళైనా మా ఇంటి పెద్దకోడలు బయట, చిన్నకోడలు లోపల. అంటే నేను బయట, తను లోపల.

“ఏరు దాటి వచ్చినాను, గడియ తియ్యవే” అని నేను అనేదాన్ని.

“ఏరు దాటిన దొరగారు ఏమి తెచ్చిరో” అని లోపల్నుంచి వచ్చేది.

“మొగలిపువ్వు తెచ్చినాను, గడియ తియ్యవే.”

“మొగలిపువ్వు ముల్లు గుచ్చు, నేను తియ్యను.”

పనసతొనలు తెచ్చానంటే జిగురంటుతుందనేది. జీడిపిక్కలు తెచ్చానంటే చెయ్యి కాలుతుందనేది. ఆఖరికి బయటివాడు, “ఒట్టి చేతుల నిలిచినాను, గడియ తియ్యవే” అంటాడు. అప్పుడు లోపల్నుంచి, “ఒట్టి చేతుల వానికైతే తీసినానుగా” అని వస్తుంది, దాంతోపాటే గడియ చప్పుడూ వస్తుంది. అక్కడున్న ఆడవాళ్ళందరూ ఒక్కసారి గొల్లుమని నవ్వేవారు.

చెప్పొద్దూ, ఆ పాట పాడేటప్పుడు తన ముఖం ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. మధ్యలో తలుపుండేది కదా.

తర్వాత అన్నదమ్ములు వేరుపడ్డారు. ఒక దుకాణం రెండు కాపురాలకి చాలలేదు. ఆ సంగతి ముందు ఎవరు ఎవరికి చెప్పాలన్న దగ్గర మాటామాటా పెరిగింది. మరిది కాపురం ఎత్తేసి అత్తవారి ఊరు పాతపట్నంలో దుకాణం పెట్టుకున్నాడు. మా ఇద్దరి మధ్య ఒక్క పొల్లు మాట లేదు. అయినా మగవాళ్ళ మధ్య మాటలు ఆగిపోతే ఆడవాళ్ళు కూడా ఆపుకోవాలి. అది మా ఇళ్ళలో ఎవరూ నోటితో చెప్పని పద్ధతి. లారీలోకి సామాను ఎక్కుతుంటే తను గోదాములోకి వచ్చి, “వస్తానక్కా” అంది. నా రెండు చేతులూ బియ్యంలో ఉన్నాయి. “సరే” అన్నాను.

మా అబ్బాయి విశాఖపట్నం హాస్టల్లో. అత్తగారు అంతకుముందే పోయారు. రైలు పెట్టెలాంటి ఆ పొడుగాటి ఇంట్లో నా అడుగుల చప్పుడు నాకే వినబడేది. పెళ్ళిళ్ళకి ఒక్కదాన్నే వెళ్తే, “సిన్నకోడలు రాలేదా?” అని అడిగేవారు. రాలేదంటే ఇంక పాడమని అడిగేవారు కాదు. తలుపు దగ్గర ఫోటోలవాడు నిలబడి పెళ్ళికొడుకుని ఇటు తిరుగు, అటు తిరుగు అంటుండేవాడు. నేను పెరుగన్నం తిని, తాంబూలం పట్టుకుని ఇంటికొచ్చేసేదాన్ని.

అదీ సంగతి. అలాంటి రోజుల్లో ఎదురింటి పిల్ల సంగీత కళాశాల మాట ఎత్తితే, మునిగిపోయేవాళ్ళకి కొమ్మ అందినట్టే అయింది.

ఏ పాట పాడాలని అడిగితే, “నీకు బాగా వచ్చిన పాట పాడు పిన్నీ, తొట్రుపడకుండా ఉంటావు” అంది ఆ పిల్ల. నాకు తలుపు పాటకన్నా బాగా వచ్చిన పాట లేదు. ఆ పిల్లే శ్రుతి గురించి చెప్పింది. వెనక ఒక నాదం ఆగకుండా మోగుతుంటుందట, దాన్ని వదలకుండా పాడాలట. అది విన్నాక నాకు దుకాణంలోని కూల్‌డ్రింకుల ఫ్రిజ్జు గుర్తొచ్చింది. గోదాము గోడకి అవతలే ఉండేది. రోజంతా ఒకటే మూలుగు. ఆ మూలుగులో గొంతు కలిపి చూశాను. కలిసింది. కరెంటు పోతే పాట కూడా ఆపేసేదాన్ని.

మా ఆయన కునుకులోంచి లేచి, తలుపు దగ్గర నిలబడి, “ఫ్రిజ్జికి పాట నేర్పుతన్నావేటి? సోడాలు సల్లబడ్డం మానీసి నీ పాట ఇంటాయి” అనేవారు.

ఉప్పునీళ్ళు పుక్కిలించాను. మిరియాల పాలు తాగాను. ఆ ఏడు కొత్తావకాయ జాడీ ముట్టుకోలేదు. ఆయన వేడన్నంలో కలుపుకుని తింటుంటే వాసన చూసి ఊరుకున్నాను. పాట మాత్రం రోజూ మొదటి నుంచి చివరి దాకా వెళ్ళేది. ఎక్కడా తప్పు లేదు. అలాగే అనుకున్నాను మరి. ఎదురింటి పిల్ల వచ్చి వింటానంది గానీ, తన పరీక్షలు అయిపోయాక మేనమామ ఇంటికి వెళ్ళిపోయింది.

వానలు మొదలైన రోజుల్లో విజయనగరం నుంచి పిలుపొచ్చింది. ఆ రోజే దుకాణానికి సరుకు లారీ వస్తోంది. మా ఆయన నన్ను స్టేషను దాకా దిగబెట్టి, “ఇజినారం వచ్చీదాకా దిగకు. దిగాక ఆటో కట్టించుకో” అని నాలుగుసార్లు చెప్పి వెళ్ళారు. అంతదూరం ఒక్కదాన్నే వెళ్ళడం అదే మొదలు. పాసింజరు బండి పొందూరు, చీపురుపల్లి దాటుతుంటే కిటికీ పక్కన కూర్చుని నోట్లో నోట్లో పాడుకున్నాను. పొలాల్లో నారుమళ్ళు దున్నుతున్నారు. ఎదుటి సీట్లో ముసలాయన నా పెదాలు కదలడం చూసి, ఏదో జపం అనుకున్నాడేమో, కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

కళాశాల వరండా నిండా అమ్మాయిలు, వాళ్ళ తల్లులు. పిల్లల జడల్లో మల్లెపూలు, తల్లుల చేతుల్లో నీళ్ళ సీసాలు. ఒకావిడ నన్ను పలకరించింది.

“మీ పాప ఏదండీ? లోపలికి వెళ్ళిందా?”

“నేనేనండి పాపని.”

ఆవిడ నవ్వింది. నా పక్కన ఎవరూ లేరని చూసుకున్నాక నవ్వాపి, కొంచెం జరిగి చోటిచ్చింది. తర్వాత తన కూతురి జడ సర్దడంలో పడిపోయింది. లోపల్నుంచి ఎవరెవరివో గొంతులు వస్తున్నాయి. అన్నీ లేతవే. నా చేతి సంచిలో పెరుగన్నం డబ్బా తప్ప పట్టుకోవడానికి నాకేమీ లేకపోయింది.

నా పేరు పిలిచారు. గదిలో చాప మీద ఒక పెద్దాయన, ఆయన పక్కన కళ్ళద్దాల మేడం ఉన్నారు. మేడం ముందు శ్రుతిపెట్టె మోగుతోంది. మా ఫ్రిజ్జు కన్నా కొంచెం మెత్తగా ఉంది గానీ గొంతు దానికి తొందరగానే అలవాటుపడింది. కూర్చోమన్నారు. కూర్చున్నాను.

“ఏం పాడతావమ్మా?” అన్నారు పెద్దాయన.

“తలుపు పాటండి. పెళ్ళిళ్ళలో పాడతాం.”

“కానియ్యి.”

“ఏరు దాటి వచ్చినాను, గడియ తియ్యవే” అన్నాను. గొంతు నిండుగా వచ్చింది. నాకే ధైర్యం అనిపించింది.

ఆగాను.

శ్రుతిపెట్టె మోగుతోంది. వాళ్ళిద్దరూ నన్ను చూస్తున్నారు. నేను వాళ్ళని చూస్తున్నాను. కిటికీ బయట ఎవరో సైకిలు గంట కొట్టారు.

“మొగలిపువ్వు తెచ్చినాను, గడియ తియ్యవే.”

మళ్ళీ ఆగాను. మేడం పెద్దాయన వైపు చూశారు.

“మరిచిపోయావా అమ్మా?” అన్నారు ఆవిడ.

“లేదండి.”

“మరెందుకు ఆగిపోతున్నావు?”

“అక్కడ మా తోడికోడలు పాడాలండి.”

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ నాకు తెలియలేదు, నేనేం చేశానో. వేసవంతా గోదాములో నేను పాడింది సగం పాటే. మిగతా సగం నాకు వినబడేది. నా వాక్యం అవగానే బస్తాల అవతల్నుంచి తన గొంతు వచ్చేది, నేను ఊపిరి తీసుకునేదాన్ని. ఒక్క రోజు కూడా ఆ చోటు నాకు ఖాళీగా అనిపించలేదు. ఇంత పెద్ద పాట సగమే నా దగ్గరుందని, ఆ ఇద్దరు కొత్త మనుషుల ఎదుట కూర్చున్నాక తెలిసింది.

మేడం పెదవి బిగబట్టారు, నవ్వు రాకుండా. పెద్దాయన మాత్రం నవ్వలేదు.

“ఆవిడ వచ్చారా?”

“పాతపట్నంలో ఉన్నాదండి.”

“అయితే ఆవిడ భాగం కూడా నువ్వే పాడు.”

నోరు తెరిచాను. మాటలొచ్చాయి. రాగం రాలేదు. తన వాక్యాలు నా వాటికన్నా పైన ఉంటాయి. అన్నేళ్ళు విన్నాను గానీ, ఆ మెట్లు ఎక్కిన గొంతు నాది కాదు కదా. రెండుసార్లు ఎత్తుకుని రెండుసార్లూ కింద పడ్డాను.

“తొందరేం లేదు” అన్నారు పెద్దాయన. “భోజనాల తర్వాత మళ్ళీ రా. పాట మొత్తం పాడాలి, నువ్వొక్కర్తివే. సంగీతంలో చేరాక ఒక్కరే కూర్చుని పాడాలమ్మా. అది వచ్చునో రాదో చూడకుండా ఎలా తీసుకుంటాం?”

బయటికొచ్చాను. వరండా చివర మెట్ల మీద కూర్చున్నాను. మా ఆయన అన్న “ఒక్కసారి” చెవుల్లో తిరుగుతోంది. ఇప్పుడు పాడలేకపోతే ఇంక అంతే. ఆ బస్తాలు, ఆ గాజు పెంకు, ఆ ఫ్రిజ్జు మూలుగు. ఆ లోపలి సగం తన దగ్గర తప్ప లోకంలో ఇంకెవరి దగ్గరా లేదు. చేతిలో ఫోను ఉంది. వాళ్ళ ఫోను నంబరు, మా ఇంట్లో ఉన్నప్పటిదే, నోటికొచ్చు. వేరుపడ్డాక ఒక్కసారీ నొక్కలేదు. మరిది ఎత్తితే ఏమనాలో తెలియదు. అయినా నొక్కాను.

“హలో, ఎవరూ? ... కందిపప్పు కేజీయా, అరకేజీయా? ... హలో?”

తనే.

“నేనే” అన్నాను.

అవతల డబ్బా మూత కింద పడ్డ చప్పుడు.

“అక్కా?” అంది. వెంటనే గొంతు మారిపోయింది. “ఎవరికేటయింది? బావగారికి బాగుందా? అబ్బాయికా?”

“ఎవరికీ ఏటీ అవలేదే. అందరం బాగున్నాం.”

“మరెందుకు సేసేవు?”

“తలుపు పాటలో నీ సగం కావాల నాకు.”

“ఏటీ?”

చెప్పాను. ఎక్కడున్నానో, ఏం జరిగిందో అంతా చెప్పాను. విని విని, తను పకపకా నవ్వేసింది.

“సంగీతం కాలేజీలో కూకొని గడియ తియ్యవే అన్నావా! అనీసి సూస్తన్నావా! ఎవరు తీస్తారనుకున్నావక్కా, ఆ పెద్దాయనా?”

“నవ్వకే. మజ్జాన్నం పాడపోతే సీటివ్వరు. మీ బావగారు మరింక పంపరు.”

నవ్వు ఆగింది. దుకాణంలో ఎవరో తొందరపెడుతున్నట్టున్నారు. “రొహొ, రొహొ” అని వాళ్ళని ఆగమంది ఒడియాలో. తర్వాత గొంతు తగ్గించి, “ఈయన సరుక్కి పర్లాకిమిడి ఎళ్ళారు. ఇప్పుడైతే అవుతాది. ఇను” అంది.

పాడింది. ముందు గుసగుసగా. “ఏరు దాటిన దొరగారు ఏమి తెచ్చిరో.” ఫోను చెవికి నొక్కిపెట్టుకున్నాను. నేను అన్నాను. తను మళ్ళీ అంది. నేను మళ్ళీ అన్నాను. వరండాలో తల్లులు తలలు తిప్పి చూస్తున్నారు. చూస్తే చూడనీ అనుకున్నాను.

“అలాక్కాదక్కా. లోపలిది కూడా నువ్వు బయటున్నట్టే పాడతన్నావు.”

“మరెలాగే?”

“బయటున్నోడికి తొందర. లోపలున్నదానికి తొందరేటి? నీ మాట అవగానే నేనెప్పుడైనా అందుకున్నానా, సెప్పు?”

ఆలోచించాను. లేదు. తను ఎప్పుడూ ఒక్క రవ్వ ఆలస్యంగానే వచ్చేది.

“ఊపిరి తీసుకొని, నవ్వాపుకొని, అప్పుడు ఎత్తుకొనేదాన్ని.”

“నవ్వేదానివా?”

“ప్రతిసారీ నవ్వేదాన్ని. నీ బతిమాలుడు ఇని. తలుపు అవతలున్నావు, నీకేటి తెలుస్తాది?”

అది విన్నాక వచ్చింది. ఆగి, నవ్వాపుకున్నట్టు ఒక్క క్షణం ఉండి ఎత్తుకుంటే, పై మెట్టు దానంతటదే అందింది. మొగలిపువ్వు ముల్లు దాటాం. పనస జిగురు దాటాం. తన గొంతు కూడా పెద్దదైపోయింది. అవతల ఎవరో ముసలమ్మ, “పాడమ్మా, ఆపీసేవేటి? పప్పు తరవాత కట్టుదువు గానీలే” అంటోంది.

ఆఖరి చరణం దగ్గర తను ఆగింది.

“ఇది కూడానా?”

“పాట మొత్తం అన్నారే.”

“ఇది పాడతా గడియ తీసేదాన్నక్కా. సెయ్యి గడియ మీదుంటే గానీ నాకూ రాదు.”

తర్వాత చాలా సన్నగా పాడింది. “ఒట్టి చేతుల వానికైతే తీసినానుగా.” నేను అన్నాను. ఒక్కసారికే వచ్చేసింది.

“వచ్చీసింది నీకు” అంది తను.

“వచ్చీసింది.”

“రెండూ నువ్వే పాడీసుకుంటావు గావాల ఇంక.”

“పాడాలంటన్నారే.”

“పాడీ, పాడీ. పెళ్ళిళ్ళోళ్ళకి ఒక తాంబూలం మిగుల్తాది.” నవ్వింది. నేనూ నవ్వాను. పిల్లలు ఎలా ఉన్నారని అడగాలి, నడుం నొప్పి తగ్గిందా అని అడగాలి. అన్నీ నోటి దాకా వచ్చాయి.

“బేరాలొచ్చాయక్కా. పెట్టేస్తన్నాను” అంది.

భోజనాల తర్వాత మళ్ళీ పిలిచారు. శ్రుతిపెట్టె మోగింది. ఈసారి నేనే బయట నిలబడి బతిమాలాను, నేనే లోపల కూర్చుని నవ్వాపుకున్నాను. రెండు గొంతులూ నాలోంచే వచ్చాయి. లోపలిది పాడినప్పుడు పెద్దాయన కళ్ళు మూసుకున్నారు. ఆఖరి వాక్యం అయ్యాక ఎవరూ గొల్లుమనలేదు, గడియ చప్పుడు లేదు. మేడం శ్రుతిపెట్టె ఆపారు. గది ఒక్కసారిగా పెద్దదైపోయినట్టనిపించింది.

“ఆ లోపలి గొంతు ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?” అన్నారు ఆయన.

“ఇందాకే, ఫోన్లోనండి.”

ఆయన తలూపి ఏదో రాసుకున్నారు. “తరగతులు మొదలైనప్పుడు కబురు చేస్తాం. గొంతు పాడుచేసుకోకుండా రా.”

అంతే. అంత చిన్న మాటతో అయిపోయింది. వరండాలో పొద్దున్నటి ఆవిడ, “ఇచ్చారా?” అంది. “ఇచ్చారండి” అన్నాను. “మా పాపకీ ఇచ్చారు” అని కూతుర్ని దగ్గరకి లాక్కుని ముద్దుపెట్టుకుంది. నేను పెరుగన్నం డబ్బా మూత తీశాను. పులిసిపోయింది. అయినా తిన్నాను.

స్టేషనులో బండి కోసం కూర్చుని మళ్ళీ పాతపట్నం ఫోను చేశాను. సీటొచ్చిందని చెబుదామని. రింగు వెళ్ళింది. “హలో” అంది మరిది గొంతు. అచ్చం మా ఆయన గొంతే. ఆ పోలిక అంతకుముందెప్పుడూ నా చెవిన పడలేదు. “హలో, ఎవరండీ?” అన్నాడు. నేను చెప్పొచ్చు. వదినని. కానీ, మధ్యాహ్నం తను నాతో మాట్లాడిన సంగతి అతనికి చెప్పిందో లేదో నాకు తెలియదు. నేను ఒక మాట అనేస్తే అది తన మీదికి పోతుందేమో. పెట్టేశాను.

ఇంటికొచ్చేసరికి మా ఆయన దీపాలు పెట్టి, సరుకు లెక్క చూసుకుంటున్నారు.

“ఏటయింది?”

“వచ్చింది.”

ఆయన తలెత్తి చూశారు. నిజంగానే సంతోషపడ్డారు, ఆ సంగతి ఒప్పుకోవాలి. “పాడీసేవన్నమాట! ఫ్రిజ్జికి సెప్పు, మరి గురుదక్షిణ ఇయ్యాల దానికి” అన్నారు. “ఎలా పాడేవు? భయమెయ్యలేదా?”

“ఎయ్యలేదు” అన్నాను. మధ్యాహ్నం ఎవరితో మాట్లాడానో చెప్పలేదు.

అన్నం పొయ్యి మీద పెట్టి గోదాములోకి వచ్చాను. ఊరికే, ఒకసారి పాడి చూద్దామని. గోడ అవతల ఫ్రిజ్జు మూలుగుతోంది. “ఏరు దాటి వచ్చినాను, గడియ తియ్యవే” అన్నాను. అలవాటుగా ఆగాను. బస్తాల అవతల్నుంచి ఏమీ రాలేదు. వేసవంతా రోజూ వచ్చిన గొంతు ఆ సాయంత్రం రాలేదు. ఆ చోట ఇప్పుడు నా గొంతు ఉంది. అది నాకు వచ్చేసింది కదా. నేనే ఎత్తుకుని పాడాను. ఎక్కడా తప్పలేదు. నవ్వాపుకోవడం కూడా సరిగ్గా కుదిరింది.

ఒక్కొక్క కానుకా చెప్పుకుంటూ, ఒక్కొక్క వంకా పెట్టుకుంటూ ఆఖరి దాకా వచ్చాను. “ఒట్టి చేతుల నిలిచినాను, గడియ తియ్యవే” అని అక్కడ ఆపేశాను. దాని తర్వాతి వాక్యం నాకు బాగా వచ్చు. ఆ తర్వాత కళాశాలలో ఎవరడిగినా పాడాను. ఇంట్లో మాత్రం ఇప్పటికీ పాడలేదు. గడియ మీద చెయ్యి ఉన్న మనిషి పాడాల్సిన వాక్యం అది.

వంటింట్లో అన్నం ఉడుకుతున్న చప్పుడు వినబడి లోపలికి వెళ్ళాను.